సర్వరు గారి సెలవు చీటీ

స్థానచలన సంచాలక కార్యాలయంలో పదకొండేళ్ళుగా ఒక్క పూటైనా సెలవు పెట్టని శాల్తీ ఒక్కటే ఉంది. అది మేడమీద మూలగదిలో ఉండే నల్లటి ఇనప పెట్టె. దాన్ని సర్వరు అంటారు. జిల్లాలో టీచరు గానీ, నర్సు గానీ, పశువుల ఆసుపత్రి కాంపౌండరు గానీ ఒక ఊరినుంచి ఇంకో ఊరికి బదిలీ కావాలంటే ఈ ఆఫీసే దిక్కు. వాళ్ళందరి సీనియారిటీ జాబితాలూ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

పెట్టెను కనిపెట్టుకుని ఉండేవాడు గొర్లె తవిటినాయుడు. ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని, నాలుగోవాణ్ణి తల్లి పక్కింటావిడ చేతుల్లో పెట్టి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. అందుకని ఆ పేరు. తల్లి ఒక్కసారే కొనుక్కుంది గానీ, ఆఫీసువాళ్ళు మాత్రం అతన్ని ఏటా మార్చి ముప్పై ఒకటిన వదిలేసి, ఏప్రిల్ ఒకటిన మళ్ళీ తీసుకుంటున్నారు. కాంట్రాక్టు ఉద్యోగమంటే అంతే మరి.

సర్వరు పదకొండేళ్ళు ఆగకుండా నడవడం ఆఫీసుకి గొప్ప. తవిటినాయుడికి గుండెల్లో గుబులు. ఎందుకంటారా? సర్వరుని నడిపించే ఆపరేటింగ్ సిస్టం కట్టినవాడికే తెలియని కన్నాలున్న ఇల్లు. ఎక్కడ కన్నం బయటపడితే అక్కడ పూడ్చుకోమని తయారుచేసిన కంపెనీ సరంజామా పంపిస్తుంది. దాని పేరే అప్‌డేట్. పంపితే చాలదు, మనం వేసుకోవాలి. వేసుకుంటే చాలదు, చాలావాటికి యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి, అప్పుడుగాని అది పట్టదు. ఇరవై నిమిషాల పని. చిక్కల్లా ఏమిటంటే, ఫలానా చోట కన్నముందన్న కబురు మనకు అందినరోజే దొంగలకీ అందుతుంది. మనం ఫైలు కదిపేలోపు వాళ్ళు బయల్దేరతారు.

ఏప్రిల్ రెండో వారంలో రాష్ట్ర సమాచార భద్రతా విభాగంనుంచి ఉత్తరం వచ్చింది. మీ సర్వరులో కన్నముంది, దొంగలు దానిగుండా దూరి ఫైళ్ళన్నిటికీ తాళాలు వేసి పోతున్నారు, ఏడు రోజుల్లో అప్‌డేట్ వెయ్యండి, పైగా మీ ఆపరేటింగ్ సిస్టం ముసలిదైపోయింది, త్వరలో దానికి అప్‌డేట్లు రావడమే మానేస్తాయి, కొత్తది పెట్టుకోండి అని దాని సారాంశం. తవిటినాయుడు చదివి చెమటలు తుడుచుకున్నాడు.

అతని భయం ఆఫీసు కోసం కాదు. ఆఫీసు గంగలో కలిసినా అతను అంత బాధపడేవాడు కాదు. ఆ పెట్టెలో అతని భార్య ఉంది. అంటే, ఆమె పేరుంది. పుణ్యవతి ఆరేళ్ళుగా కుంకుడుగెడ్డలో టీచరు. బస్సులో మూడు గంటలు, జీపులో గంటన్నర వెళ్తే వచ్చే కొండమీది ఊరు అది. బడి మొత్తానికి ఆమె ఒక్కతే టీచరు. ఫోను మాట్లాడాలంటే బడి వెనక బండ ఎక్కాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఒకేచోట ఉండటానికి బదిలీల్లో అదనపు పాయింట్లు ఇస్తారు. కాని తవిటినాయుడు కాంట్రాక్టువాడు కాబట్టి ఉద్యోగి కిందికి రాడు. ఉద్యోగి కానివాడు ఎంత మొగుడైనా పాయింట్ల లెక్కలోకి రాడు. అంచేత కొండమీద ఆరేళ్ళు పనిచేసిన పాయింట్లే ఆమెకు దిక్కు. జూన్‌లో బదిలీల కౌన్సెలింగ్. ఆ జాబితాకి దొంగలు తాళం వేస్తే కౌన్సెలింగ్ రద్దు, మళ్ళీ ఎన్నేళ్ళకో.

వాళ్ళకి నాలుగేళ్ళ కూతురుంది, పేరు తులసి. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి జీపుకి వెళ్ళిపోయే మనిషిని అది శనివారం నాన్న అంటుంది. ప్రతి సోమవారం అతని చెప్పులు దాచేస్తుంది. అవి వెతుక్కుని, అది ఏడుస్తుంటే జీపెక్కి, కొండ దిగేదాకా తవిటినాయుడు ఎవరితోనూ మాట్లాడడు.

ఉత్తరం పట్టుకుని అతను పరిపాలనా విభాగం సూపరింటెండెంటు వేదుల చయనులు గారి దగ్గరికి వెళ్ళాడు. చయనులు గారికి నిబంధనలన్నీ కంఠోపాఠం. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఆయన ఒక్క తప్పూ చెయ్యలేదు, ఒక్క పనీ చెయ్యలేదు.

"సర్వరుకి ఇరవై నిమిషాలు విరామం కావాలి సార్."

"విరామమా?" చయనులు గారు కళ్ళజోడు తీశారు. "ప్రభుత్వంలో పని ఆపడానికి మూడే దారులు నాయుడూ. సెలవు, సస్పెన్షను, పదవీ విరమణ. నీ పెట్టెకి ఏది కావాలి?"

"సెలవే ఇప్పించండి."

"సెలవు కావాలంటే సెలవు ఖాతా ఉండాలి. ఖాతా ఉండాలంటే సర్వీసు రిజిస్టరు తెరవాలి. రిజిస్టరు తెరవాలంటే ఉద్యోగి అయి ఉండాలి."

తవిటినాయుడు నవ్వాడు. చయనులు గారు నవ్వలేదు. అప్పుడతనికి అర్థమైంది ఇది పరిహాసం కాదని.

ఈ కథకి ఇంకో మూలపురుషుడున్నాడు. ఆయన సంచాలకులు కోదండపాణి గారు. ఆమధ్య ఆయన మూడు రోజుల శిక్షణకి వెళ్ళి, నిరంతరాయ పరిపాలన అనే కొత్త జబ్బు అంటించుకుని వచ్చారు. ఏ సేవైనా ఒక్క నిమిషం ఆగాలన్నా ముందుగా ఆయన మంజూరు ఉండాలని ఉత్తర్వు వేశారు. మెట్ల దగ్గర ఒక నల్లబల్ల పెట్టించి, దానిమీద "ఆగకుండా నేటికి ఇన్ని రోజులు" అని రాయించారు. రోజూ పొద్దున్నే అటెండరు దాలమ్మ తడిగుడ్డతో అంకె తుడిచి కొత్తది వెయ్యాలి. ఉత్తరం వచ్చినరోజున అంకె నాలుగువేల పదిహేను.

చయనులు గారి నోట్‌ఫైలు చూసి కోదండపాణి గారు మురిసిపోయారు. "విధినిర్వహణలో మనిషికీ యంత్రానికీ వ్యత్యాసం పాటించడం పరిపాలనా స్ఫూర్తికి విరుద్ధం. సర్వరును శాశ్వత ఉద్యోగిగా పరిగణించి, ప్రథమ నియామక తేదీనుంచి సమస్త సదుపాయాలూ వర్తింపజేయడమైనది" అని సంతకం చేశారు.

ఒక్క పూటలో సర్వీసు రిజిస్టరు తెరిచారు. పుట్టిన తేదీకి వారంటీ కార్డు రుజువుగా సరిపోయింది. పుట్టుమచ్చల దగ్గర, "వెనకవైపు ఎడమ మూల రెండు స్క్రూలు లేవు" అని రాశారు. స్వస్థలం దగ్గర కాస్త తర్జనభర్జన జరిగి, పెట్టె అడుగున అంటించిన చీటీలో ఉన్న గోదాము చిరునామా వేశారు. ఏ పోస్టులో చూపించాలన్నది అసలు సమస్య. ఆఫీసులో మంజూరై ఖాళీగా ఉన్న పోస్టు ఒక్కటే ఉంది. డిప్యుటేషన్ మీద వచ్చిన ప్రైమరీ టీచరు ఒకాయన రిటైరవగా మిగిలినది.

"లెక్కలు వచ్చు కదా?" అన్నారు చయనులు గారు.

"వచ్చు సార్."

"అయితే అర్హత ఉన్నట్టే." సర్వరు టీచరు పోస్టులో కూర్చుంది.

చివరికి వేలిముద్ర దగ్గర ఆగింది. సర్వరుకి వేలు లేదు. తవిటినాయుడు వేస్తానంటే, కాంట్రాక్టువాడి వేలిముద్ర శాశ్వత ఉద్యోగి రిజిస్టరులో పనికిరాదన్నారు. రోజూ గది ఊడ్చే దాలమ్మ పర్మనెంటు కాబట్టి ఆమెని పిలిచారు.

"ఏటి, ఈ పెట్టికి నాను ఏలు ముద్దరెయ్యాలా?" అంది దాలమ్మ. "ఎయ్యమంటే ఎస్తాను. నా సొమ్మేటి పోయింది." వేసి, సిరా కొంగుకి తుడుచుకుంది. అప్పటినుంచి దాలమ్మ బొటనవేలు సర్వరు సంతకం.

తవిటినాయుడు ఆ రిజిస్టరుని చేత్తో తడిమి చూశాడు. పదకొండేళ్ళుగా అతను అడుగుతున్నది అదే, తన పేరుమీద అలాంటి పుస్తకం ఒకటి. అతను కాపలా కాసే పెట్టెకి అది పూట తిరక్కుండా దొరికింది. కడుపు మండింది. అయినా, పోనీలే, ఇరవై నిమిషాలు దొరుకుతాయి కదా అనుకున్నాడు.

సాయంత్రం పుణ్యవతి బండమీదనుంచి ఫోను చేసింది.

"పనైందా?"

"అవుతున్నాది. సర్వరుకి పర్మనెంటు ఉద్యోగం వచ్చింది."

"సిగ్నలు సరిగ్గా లేదండీ," అంది పుణ్యవతి. "మీకొచ్చిందన్నట్టు వినబడింది."

సెలవు దరఖాస్తులు మొదలయ్యాయి. ఇరవై నిమిషాల సెలవు నిబంధనల్లో లేదు, గంట పర్మిషను ఉంది. దరఖాస్తు దరఖాస్తుదారే ఇచ్చుకోవాలి. తవిటినాయుడు టైపుచేసి సర్వరు చేతే ప్రింటు తీయించాడు, దాలమ్మ వేలు వేసింది. కారణం దగ్గర "భద్రతా అప్‌డేట్ నిమిత్తం" అని ఉంది. అది సెలవుకి కారణం కాదని తిరిగొచ్చింది. "ఒంట్లో నలతగా ఉన్నందున" అని పెడితే డాక్టరు సర్టిఫికెట్ అడిగారు. "స్వంత పనుల నిమిత్తం" అని పెట్టాక కదిలింది.

కదిలి, ఇన్‌ఛార్జి దగ్గర ఆగింది. ఉద్యోగి సెలవులో వెళ్తే సమాన హోదాగల మరొకరికి బాధ్యతలు అప్పగించాలి. సర్వరుకి సమాన హోదా ఎవరు? చయనులు గారు రెండు రోజులు ఆలోచించి రికార్డు గదిలో ఉన్న పాత టైపు మిషనుని కనిపెట్టారు. అదీ యంత్రమే, అదీ ఆఫీసు సొత్తే, పైగా సర్వరుకంటే నలభై ఏళ్ళు సీనియరు. దానికి పూర్తి అదనపు బాధ్యతలు ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. దాలమ్మ దాని బూజు దులిపి, మూలగదిలో సర్వరు పక్కన స్టూలుమీద పెట్టింది.

"ఇది పాత ఆఫీసరమ్మ ఉన్నప్పుడు టక్కుటక్కుమని భలే కొట్టీది," అంది. "నీ పెట్టి ఏటి కొడతాది? బుర్రుమనడం తప్ప."

అంతటితో అయిందా? బాధ్యతల అప్పగింత పత్రంలో తాళాలు, బీరువాలతో పాటు పాస్‌వర్డ్ కూడా రాయాలన్నారు. మూడు ప్రతులు. ఒకటి సంచాలకులకి, ఒకటి ఫైల్లోకి, ఒకటి పారదర్శకత కోసం నోటీసు బోర్డుకి.

"సార్, పాస్‌వర్డ్ బోర్డుమీద పెట్టకూడదు," అన్నాడు తవిటినాయుడు. "అది ఎవరికీ తెలీకూడదు."

"ఎవరికీ తెలియనిది ప్రభుత్వంలో ఉండకూడదు నాయుడూ. సమాచార హక్కు ఉంది."

బోర్డుమీద పెట్టారు. పెట్టిన ఐదు నిమిషాల్లో తవిటినాయుడు పైకి పరిగెత్తి పాస్‌వర్డ్ మార్చేశాడు. అప్పగింత పత్రంలో తప్పుడు సమాచారం ఇచ్చినందుకు సంజాయిషీ కోరుతూ మర్నాడు అతనికి మెమో వచ్చింది. ఇక్కడ నా మాట ఒకటి వినండి. దొంగ తాళం పగలగొడితే దొంగ తప్పు. తాళంచెవి గుమ్మానికి వేలాడదీస్తే ఎవరి తప్పు? ఆ ప్రశ్నకి జవాబు ఏ ఫైల్లోనూ ఉండదు.

తవిటినాయుడు ఇంకో దారి కూడా చూశాడు. జాబితా నకలు తీసి డిస్కులో దాచి ఉంచాడు, సర్వరుకేమైనా అయితే అదైనా మిగులుతుందని. చయనులు గారు ఆ డిస్కుని అటూ ఇటూ తిప్పి చూసి, నకలు చెల్లాలంటే ప్రతి పేజీ గెజిటెడ్ అధికారి సంతకంతో ధ్రువీకరించాలన్నారు. డిస్కులో పేజీ ఎక్కడుందో చూపించమన్నారు.

ఇంత జరిగేసరికి మే సగమైంది. కంపెనీ ఇంకో కన్నం కనిపెట్టి, పాత అప్‌డేట్ రద్దుచేసి కొత్తది పంపింది. ఫైల్లో మంజూరైంది పాతదాని నంబరుకి. నంబరు మారింది కాబట్టి ఫైలు మొదటినుంచి మొదలు. ఈలోగా కోదండపాణి గారు సర్వరుకి ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం ఇచ్చి, దాని మీద అద్దం కట్టించి, గాలి వచ్చే తూట్లకి సరిగ్గా అడ్డంగా తగిలించారు. సర్వరు వేడెక్కి మూలిగింది. తవిటినాయుడు ఎవరూ చూడకుండా దాన్ని గోడకి మార్చాడు.

ఎట్టకేలకు మే నెలాఖరు శుక్రవారం మూడునుంచి నాలుగుదాకా గంట పర్మిషను మంజూరైంది. తవిటినాయుడు గురువారమే అప్‌డేట్లన్నీ, కొత్త ఆపరేటింగ్ సిస్టంతో సహా, దించుకుని పెట్టుకున్నాడు. శుక్రవారం రెండున్నరకి అన్నం కూడా తినకుండా కుర్చీలో కూర్చున్నాడు. మూడుకి పది నిమిషాలుందనగా చయనులు గారు స్వయంగా మెట్లెక్కి వచ్చారు. ఆయన మెట్లెక్కడం దాలమ్మ కూడా ఎప్పుడూ చూడలేదు.

"బదిలీల ఉత్తర్వు వచ్చింది. ఈ నెలా వచ్చే నెలా ఉద్యోగులెవరికీ సెలవుల్లేవు. అందరివీ రద్దు."

"పది నిమిషాల్లో నా పని మొదలు సార్."

"నీది కాదు నాయుడూ, దానిది. నువ్వు ఉద్యోగివి కాదు, నీకు కావాలంటే ఇంటికెళ్ళు."

తవిటినాయుడు బుర్ర చేతుల్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. వచ్చేపోయేవాళ్ళని సర్వరు రాసుకునే చిట్టాలో చూస్తే ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎవరో ఆ వారంలోనే నలభై మూడుసార్లు సర్వరు తలుపు తట్టి చూసినట్టుంది. పక్క జిల్లా ఆఫీసుకి ఫోను చేస్తే వాళ్ళకీ అలాగే ఉందన్నారు.

జూన్‌లో కౌన్సెలింగ్ పెట్టారు. ఒకేచోట ఐదేళ్ళు నిండినవాళ్ళందరూ తప్పనిసరిగా కదలాలన్నది నిబంధన. వాళ్ళ జాబితాని సర్వరే తయారుచేస్తుంది. ఉద్యోగుల పట్టీ అంతా వెతికి, ఎవరికి ఎక్కువ ఏళ్ళయితే వాళ్ళని పైన పెడుతుంది. ఆ సంవత్సరం జాబితా ప్రింటరులోంచి బయటికి రాగానే చయనులు గారు క్రమసంఖ్య ఒకటి చదివి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"శ్రీ సర్వరు. ప్రైమరీ టీచరు పోస్టు. ఒకే స్థానంలో పదకొండు సంవత్సరాల రెండు నెలలు. తప్పనిసరి బదిలీ."

తన పేరు తనే రాసుకుంది. నిజాయితీ అంటే అదీ. మనుషులెవరైనా అలా చేస్తారా చెప్పండి.

కోదండపాణి గారు గదిలో అటూ ఇటూ తిరిగారు. మినహాయింపు ఇవ్వాలంటే సంఘ నాయకుడైనా అవ్వాలి, రోగిష్టి అయినా అవ్వాలి, భార్యైనా ఉండాలి. సర్వరుకి మూడూ లేవు. సిఫార్సులు వినబోమని పత్రికల్లో ఆయనే ప్రకటించి నాలుగు రోజులైంది. చివరికి నిట్టూర్చి, "నిబంధన ముందు అందరూ సమానులే అన్న సందేశం క్షేత్రస్థాయికి వెళ్ళాలి" అని రాసి సంతకం చేశారు. ఆఫీసు పనికేమీ ఢోకా లేదు. అదనపు బాధ్యతల్లో టైపు మిషను ఉండనే ఉంది.

తవిటినాయుడు జాబితాలో భార్య పేరు వెతికాడు. వేలు పెట్టి ఒక్కో వరసా దిగాడు. గొర్లె పుణ్యవతి, కుంకుడుగెడ్డనుంచి జిల్లా కేంద్రం, రెండో వార్డు పాఠశాల. కళ్ళు చెమ్మగిల్లాయి. ఆరేళ్ళు. గోడకి ఆనుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

అప్పుడు చివరి పేజీ చూశాడు. కోరుకునేచోటు రాయనివాళ్ళకి అందరూ వదిలేసిన ఖాళీ ఇస్తారు. సర్వరు ఏ చోటూ కోరుకోలేదు. అందరూ వదిలేసిన ఖాళీ ఒక్కటే ఉంది, ఆ పోస్టుకి తగినది, పుణ్యవతి ఖాళీ చేసినది. సర్వరుకి కుంకుడుగెడ్డ పడింది.

"పెట్టి ఎక్కడుంటే నువ్వూ అక్కడేనా బాబూ?" అంది దాలమ్మ.

"నా కాంట్రాక్టు కాగితంలో అలాగే ఉంది పిన్నీ. సర్వరు సంరక్షకుడు, సర్వరు ఉన్నచోట."

"అంటే ఆయమ్మ దిగొచ్చీసరికి నువ్వు ఎక్కీ పోతావు."

దేవుడు వరమిస్తే పూజారి అడ్డుపడటం విన్నాం గానీ, ఇక్కడ వరమూ పూజారీ ఒకే కవరులో వచ్చారు. ఆ సాయంత్రం ఫోనులో పుణ్యవతి, "తులసికి ఏటని చెప్పాలండీ? అప్పుడూ శనివారమే వస్తారనా?" అంది. ఇద్దరూ ఏడ్చారు, కాని సిగ్నలు బాగోలేదని చెప్పుకున్నారు.

రిలీవింగు ఉత్తర్వు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు తవిటినాయుడు చయనులు గారిని ఒక్క మాట అడిగాడు.

"సార్, ఇక్కడ రిలీవయ్యాక అక్కడ చేరేలోపు సర్వరు పనిచెయ్యాలా?"

"చెయ్యకూడదు. జాయినింగ్ టైం ఏడు రోజులుంది. ఆ ఏడు రోజులూ పనిచేస్తే క్రమశిక్షణా చర్య."

"ఆపెయ్యొచ్చా?"

"ఆపి తీరాలి."

రెండు నెలలు ఫైళ్ళమీద తిరిగినా దొరకని ఇరవై నిమిషాలకి బదులు ఏడు రోజులు దొరికాయి. తవిటినాయుడు మేడెక్కి సర్వరుని ఆపాడు. పదకొండేళ్ళ బుర్రుమనడం ఆగిపోయి గది నిశ్శబ్దమైంది. దాలమ్మ గుమ్మంలో నిలబడి, "పాపం, అలిసిపోయుంటాది," అంది. బియ్యం గోనెలో పాత దుప్పటి వేసి పెట్టెని సర్దడంలో తనే సాయంపట్టింది. అడుగున ఏదో కాగితాల కట్ట కూడా పెట్టింది. "ఎందుకైనా మంచిది, ఉండనీ," అంది. అవి పెట్టె ఊగకుండా వేసిన చిత్తుకాగితాలనుకున్నాడు తవిటినాయుడు.

శనివారం మధ్యాహ్నం సర్వరు జీపులో రెండు మేకపిల్లల మధ్య కూర్చుని కొండెక్కింది.

సోమవారం, అంటే జాయినింగ్ టైం మూడోరోజున, దొంగలు వచ్చారు. నలభై మూడుసార్లు తలుపు తట్టినవాళ్ళే. రాష్ట్రంలో ఇలాంటి ఆఫీసులన్నిటిలోకీ ఒకేపూట దూరి, ఫైళ్ళన్నిటికీ తాళాలు వేసిపోయారు. పక్క జిల్లాలో కౌన్సెలింగ్ రద్దయి, మూడువేలమంది టీచర్లు రోడ్డెక్కారు. ఈ ఆఫీసుకీ వచ్చారు. వచ్చి చూస్తే ఇక్కడ సర్వరు లేదు, టైపు మిషను ఉంది. దాంట్లోకి ఎలా దూరాలో ఏ దొంగకీ తెలియదు.

ఆ సమయానికి కుంకుడుగెడ్డ బడిలో తవిటినాయుడు సర్వరుకి తీరిగ్గా కొత్త ఆపరేటింగ్ సిస్టం వేస్తున్నాడు. కన్నాలన్నీ ఒక్కొక్కటే పూడ్చాడు. అక్కర్లేని తలుపులు మూసేశాడు. ఆపి మొదలుపెట్టాడు, ఆపి మొదలుపెట్టాడు, సరదాకి ఇంకోసారి ఆపాడు. ఎవరి మంజూరూ లేకుండా యంత్రాన్ని ఆపడంలో ఇంత సుఖముందని అతనికి తెలియదు. పిల్లలు చుట్టూ చేరి దీపం వెలిగినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. పుణ్యవతి గుమ్మంలో నిలబడి భర్తని పనిరోజున చూడటం ఇదే మొదటిసారి అనుకుంది.

ఏడు రోజులు ఏడు నిమిషాల్లో అయిపోయాయి. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ మెట్లమీద కూర్చున్నారు. పుణ్యవతి స్థానంలోకి వచ్చినది సర్వరు. అది చేరినట్టు రిపోర్టు మీద సంతకం చెయ్యవలసినది బడిలో ఉన్న ఒక్కగానొక్క టీచరు పుణ్యవతి. చేసిన క్షణంలో ఆమె రిలీవైనట్టు. మర్నాడు తులసిని తీసుకుని కొండ దిగాలి, అతను ఇక్కడే ఉండాలి.

"నాకు టౌను వద్దండీ," అంది పుణ్యవతి. "ఎప్పుడూ టౌను కావాలనలేదు నాను. ముగ్గురం ఒక్కచోట ఉంటే సాలు, అది ఏ కొండైతే ఏటి?"

"సర్వరు చేరకపోతే నువ్వు వెళ్ళక్కర్లేదు," అన్నాడు తవిటినాయుడు. "కాని ఏ కారణమూ లేకుండా చేరకపోతే దాన్ని సస్పెండు చేస్తారు. నన్ను వెనక్కి పిలిచేస్తారు."

అంటూనే రిపోర్టు రాయడానికి కాగితం కోసం గోనెలో చెయ్యి పెట్టాడు. దాలమ్మ వేసిన కట్ట దొరికింది. చిత్తుకాగితాలు కావు. తెల్లకాగితాలు, పాతిక ఉంటాయి, ప్రతిదాని అడుగునా కుడివైపు ఒక బొటనవేలి ముద్ర. పైదానిమీద ఎవరిచేతో రాయించిన చిన్న చీటీ. "నాయుడు బాబుకి. ఈ పెట్టి పదకొండేళ్ళు ఒక్క ఈఎల్లూ వాడుకోలేదు. సయనులు గారు మూడొందలు జమేసినారు, నాను సూసినాను. మిగతాది నీకు తెలీదా."

తవిటినాయుడు చీటీని రెండుసార్లు చదివాడు. లేచి, సర్వరు ముందు కూర్చుని, కూడా తెచ్చిన చిన్న ప్రింటరులో ఆ కాగితం పెట్టి దాని చేతే రాయించాడు. అయ్యా, జాయినింగ్ టైమునకు కొనసాగింపుగా నా ఖాతాలో నిల్వ ఉన్న మూడు వందల రోజుల సంపాదిత సెలవును స్వంత పనుల నిమిత్తం మంజూరు చేయవలసినదిగా ప్రార్థన. ఇట్లు, శ్రీ సర్వరు. కింద ముద్ర ఉండనే ఉంది.

జూన్ ముప్పైతో బదిలీల గడువు ముగిసింది, సెలవుల మీద నిషేధమూ ముగిసింది. చయనులు గారు దరఖాస్తు చదివి, ఖాతా చూసి, ముద్రని రిజిస్టరుతో పోల్చి చూసుకున్నారు. కాదనడానికి నిబంధన ఒక్కటీ లేదు. ముప్పై రెండేళ్ళలో మొదటిసారి ఒక కాగితం అడ్డు లేకుండా ఆయన బల్ల దాటింది. సెలవులో ఉన్న ఉద్యోగి ఆస్తిని కాపాడవలసిన బాధ్యత సంరక్షకుడిదేనని కూడా ఆయనే రాసి పంపారు. సర్వరు చేరేదాకా పుణ్యవతికి రిలీవు లేదు, సర్వరు ఉన్నచోటే తవిటినాయుడు.

ఆగస్టులో సమాచార భద్రతా విభాగం, రాష్ట్రం మొత్తంలో దొంగలు దూరలేకపోయిన ఏకైక ఆఫీసుకి ప్రథమ బహుమతి ప్రకటించింది. కోదండపాణి గారు వేదికమీద టైపు మిషనుకి శాలువా కప్పి, "దృఢమైన సంకల్పమే మన భద్రతకు పునాది" అని ప్రసంగించారు. నల్లబల్లమీద అంకె ఆగలేదు. దాలమ్మ రోజూ తుడిచి వేస్తూనే ఉంది, టైపు మిషనుకూడా ఆగలేదు కదా, మొదలుపెడితే కదా ఆగడానికి.

కాని నేను చెప్పవలసింది అంతకుముందటి మాట. జాయినింగ్ టైం అయిపోయాక వచ్చిన మొదటి సోమవారం. తెల్లవారుజామున అలవాటు ప్రకారం తులసి లేచి, తండ్రి చెప్పులు ఎత్తుకెళ్ళి బియ్యం గోనెలో దాచింది. జీపు వచ్చి బడి ముందు రెండుసార్లు హారను కొట్టింది. తవిటినాయుడు వాకిట్లో చాపమీదనుంచి లేవలేదు. జీపు కాసేపు ఆగి, ఎవరూ రాకపోయేసరికి కొండ దిగిపోయింది. దాని చప్పుడు వినబడటం మానేసేదాకా తులసి తలుపు చాటునే ఉంది. తర్వాత చెప్పులు రెండూ తెచ్చి అతని పక్కన పెట్టింది.

"నాన్నా, జీపెల్లిపోయింది. ఇవి ఇంక నువ్వే ఉంచుకో."